తాబేలు వచ్చే నెలలు - క్షిపణి ఎగిరే నెలలు

పిల్లలూ! ఫిబ్రవరి నెలలో ఒకనాటి తెల్లవారుజామున మీరు వాడరేవు ఒడ్డున నిలబడి ఉన్నారనుకోండి. చీరాల నుండి సుమారు ఏడు కిలోమీటర్లు నడిస్తే వచ్చే రేవు అది. వేటకు పోయే పడవలు ఒక్కొక్కటే అలలు దాటుతున్నాయి. ఇసుక మీద చిన్న ట్రాక్టరు చక్రం నడిచినట్లుగా ఒక జాడ కనబడుతున్నది. అది సముద్రం నుండి పైకి వచ్చి, కొంతదూరం పోయి, మళ్ళీ సముద్రంలోకి దిగిపోయింది. రాత్రి ఒక తాబేలు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిందన్నమాట.

ఇంకా నాలుగడుగులు వేస్తే మరొక తాబేలు కనిపించింది. అది కదలటం లేదు.

చుట్టూ చేరినవారు తలా ఒక మాట అంటున్నారు. "వలలో పడి చచ్చింది" అన్నారొకరు. "కాదు, మరపడవ రెక్క తగిలింది" అన్నారింకొకరు. "సూర్యలంకలో రాకెట్లు పేలుస్తారు కదా, ఆ దెబ్బే ఇది" అన్నారు మూడవవారు.

వీరిలో ఎవరి మాట నిజం? ఇది తెలుసుకోవాలంటే మొదట కొన్ని సంగతులు తెలియాలి. సైన్యం సముద్రం మీద చేసే శిక్షణ వల్ల నీటిలోని జీవులకు ఏమవుతుంది? ఎలా అవుతుంది? దానిని తగ్గించే ఉపాయం ఉందా? ఒక్కొక్కటీ చూద్దాం. చివరకు మళ్ళీ ఈ తాబేలు దగ్గరకే వద్దాం.

ఎవరీ తాబేలు?

మన తీరానికి ఎక్కువగా వచ్చే తాబేలు పేరు ఆలివ్ రిడ్లే. దాని డొప్ప ముదిరిన ఆలివ్ కాయ రంగులో ఉంటుంది. అందుకే ఆ పేరు వచ్చింది. డొప్ప పొడవు సుమారు 60 నుండి 70 సెంటీమీటర్లు. బరువు 35 నుండి 45 కిలోలు. సముద్రపు తాబేళ్ళలో ఇది చిన్న జాతి.

ఇది నీటిలో బ్రతికినా చేప కాదు. దీనికి మొప్పలు లేవు, ఊపిరితిత్తులు ఉన్నాయి. కనుక గాలి పీల్చటానికి అప్పుడప్పుడు నీటి పైకి రావలసిందే. ఈ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి. తరువాత పనికి వస్తుంది.

నవంబరు నుండి ఇవి తీరానికి దగ్గరి నీళ్ళలోకి చేరుకుంటాయి. జనవరి మొదలు ఆడ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. వెనుక కాళ్ళతో ఇసుకలో కుండవంటి గొయ్యి తీసి, నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. ఆ గుడ్లను పొదిగేది తల్లి కాదు, ఇసుకలోని వెచ్చదనం. 45 నుండి 60 రోజులలో పిల్లలు బయటకు వస్తాయి. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడపిల్లలు, కొంచెం చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. వేయి పిల్లలలో పెద్దదయ్యేది సుమారు ఒక్కటే అని శాస్త్రజ్ఞుల అంచనా. అంటే ఒడ్డున చచ్చిపడిన ఒక పెద్ద తాబేలు వేయి పిల్లలతో సమానమన్నమాట!

1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీనికి పులితో సమానమైన రక్షణ ఉంది. బాపట్ల తీరంలో అటవీశాఖవారు గుడ్లను ఏరి, కుక్కలూ నక్కలూ తవ్వకుండా కంచె లోపల ఇసుకలో పూడ్చి, పుట్టిన పిల్లలను సముద్రంలోకి వదులుతూ ఉంటారు.

సూర్యలంకలో ఏమి జరుగుతుంది?

వాడరేవు నుండి అదే ఒడ్డు వెంట ఈశాన్యంగా పోతే సూర్యలంక వస్తుంది. బాపట్ల పట్టణానికి అది తొమ్మిది కిలోమీటర్ల దూరం. అక్కడ భారత వాయుసేన స్థావరం ఉంది. శత్రు విమానాలను నేల మీద నుండి కూల్చే క్షిపణులను సముద్రం వైపు ప్రయోగించి, సిబ్బందికి అక్కడ శిక్షణ ఇస్తారు. 2020లో నవంబరు 23 నుండి డిసెంబరు 2 వరకు అక్కడ జరిగిన శిక్షణలో ఆకాశ్, ఇగ్లా అనే క్షిపణులను ప్రయోగించారు. 2023 డిసెంబరులో 'అస్త్రశక్తి' అనే విన్యాసంలో ఒకే ఆకాశ్ దళం నాలుగు మానవరహిత లక్ష్యాలను ఒకేసారి కూల్చింది. ఆకాశ్ క్షిపణి బరువు 720 కిలోలు. సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని లక్ష్యాన్ని కొట్టగలదు.

ఇదంతా ఎందుకు అని అడుగుతారేమో! ఈత పుస్తకం చదివినంత మాత్రాన ఈత వస్తుందా? రాదు. క్షిపణి సంగతీ అంతే. నిజంగా ప్రయోగించి చూడనివాడు ఆపదలో చేతులు వణకకుండా ప్రయోగించలేడు. కనుక శిక్షణ అవసరమే. మరి సముద్రం వైపే ఎందుకు? కింద పడే ముక్కలు మనుషుల మీద పడకూడదు కనుక. కాల్పులు జరిగే దినాలలో ఆ భాగంలోకి పడవలు రాకూడదని ముందుగానే హెచ్చరిస్తారు. జాలరికి ఆ రోజు వేట పోతుంది, కాని ప్రాణం నిలుస్తుంది.

అయితే ఆ హెచ్చరిక మనుషులకే వినబడుతుంది. ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం ఖాళీగా కనబడుతుంది. నిజానికి అది ఖాళీ కాదు. దాని కింద నివసించే వారికి కబురు అందించేవారు లేరు.

శబ్దం నీటిలో ఎలా పోతుంది?

శిక్షణ వల్ల నీటిలోని జీవులకు కలిగే ఇబ్బందులలో మొదటిది శబ్దం. దీన్ని అర్థం చేసుకోవటానికి ఒక చిన్న ప్రయోగం చేయండి.

ఒక ప్లాస్టిక్ బకెట్టు నిండా నీళ్ళు పోయండి. మీ చెవిని బకెట్టు గోడకు ఆనించండి. మీ స్నేహితుణ్ణి రెండు గులకరాళ్ళను నీటికి పైన గాలిలో కొట్టమనండి. తరువాత అవే రాళ్ళను, అంతే బలంతో, నీటి లోపల కొట్టమనండి. రెండవసారి శబ్దం మీ చెవి పక్కనే పుట్టినట్లు వినిపిస్తుంది.

కారణం ఏమిటి? శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సముద్రపు నీటిలో సుమారు 1500 మీటర్లు పోతుంది. అంటే నాలుగు రెట్లకు పైన! 15 కిలోమీటర్ల దూరంలో ఒక శబ్దం పుట్టిందనుకుందాం. గాలిలో అది మనకు చేరటానికి 44 సెకన్లు పడుతుంది. నీటిలో 10 సెకన్లు చాలు. పైగా నీటిలో శబ్దం త్వరగా క్షీణించదు. వెలుతురు కొన్ని పదుల మీటర్ల లోతులోనే బాగా తగ్గిపోతుంది కాని, శబ్దం కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. అందుకే అనేక సముద్రజీవులకు కన్నుకంటె చెవి ముఖ్యం.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆకాశంలో పేలిన క్షిపణి శబ్దం నీటిలోకి అంతా దిగుతుందా?

దిగదు. వెలుతురు ఒక పదార్థం నుండి మరొక పదార్థంలోకి పోయేటప్పుడు వంగుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. శబ్దం కూడా అలాగే వంగుతుంది. కాని వెలుతురుకు నీటిలో వేగం తగ్గుతుంది, శబ్దానికి పెరుగుతుంది. అందువల్ల గాలిలోని శబ్దం ఏటవాలుగా నీటిని తాకితే చాలావరకు తిరిగి పైకే పోతుంది. నిట్టనిలువు గీతకు సుమారు 13 డిగ్రీల లోపుగా వచ్చినది మాత్రమే నేరుగా లోపలికి దిగుతుంది. అందులో కూడా కొద్ది భాగమే. (340ని 1500తో భాగించి, ఆ విలువ ఏ కోణానికి సైన్ అవుతుందో పట్టికలో చూడండి. లెక్క మీకే తేలుతుంది.)

కనుక ఆకాశంలో ఎంతో ఎత్తున పేలిన క్షిపణి కంటె నీటి లోపల పుట్టే చిన్న శబ్దమే ఒక్కొక్కప్పుడు సముద్రజీవికి పెద్ద బాధ. నీటి లోపలే ఏదైనా పేలితే ఇక చెప్పనక్కరలేదు. కండ చాలావరకు నీరే కనుక పేలుడు తరంగం దానిగుండా పోతుంది. కాని గాలి ఉన్న చోటు ఒక్కసారిగా నొక్కుకుపోతుంది. తాబేలు, డాల్ఫిన్ల ఊపిరితిత్తులు, చేప కడుపులోని గాలితిత్తి ముందుగా దెబ్బతినేది ఇందుచేతనే.

తిమింగలాలు చెప్పిన సాక్ష్యం

నీటిలోని శబ్దం ఎంత పని చేయగలదో ప్రపంచానికి తెలిసింది తిమింగలాల వల్ల. జలాంతర్గాములను వెదకటానికి నౌకాదళాలు సోనార్ అనే సాధనాన్ని వాడతాయి. అది నీటిలోకి గట్టిగా ఒక కూత వేస్తుంది. ఆ కూత దేనికైనా తగిలి ప్రతిధ్వనిగా తిరిగి వస్తే, అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. గబ్బిలం చీకటిలో దారి తెలుసుకున్నట్లే.

2000 మార్చి నెలలో అట్లాంటిక్ సముద్రంలోని బహామా దీవుల దగ్గర అమెరికా నౌకాదళపు ఓడలు సోనార్‌తో విన్యాసాలు చేస్తూ ఒక జలసంధి గుండా వెళ్ళాయి. రెండు రోజులు తిరగకుండానే 17 సముద్ర క్షీరదాలు ఒడ్డుకు వచ్చి పడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ముక్కు తిమింగలాలు. వాటి మూతి ముందుకు సాగి పక్షి ముక్కులా ఉంటుంది. చచ్చినవాటిని కోసి పరీక్షిస్తే చెవుల దగ్గర రక్తం చిమ్మినట్లు కనబడింది. ఓడల సోనారే దీనికి కారణమై ఉండాలని 2001లో నౌకాదళం స్వయంగా తన నివేదికలో ఒప్పుకున్నది.

2002 సెప్టెంబరులో స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల వద్ద బహుళదేశాల నౌకావిన్యాసం జరిగింది. సోనార్ మొదలైన నాలుగు గంటలకే ముక్కు తిమింగలాలు ఒడ్డున పడసాగాయి. మొత్తం 14. వాటి శరీరంలో గాలిబుడగలు ఉండటం శాస్త్రజ్ఞులు గమనించారు.

గాలిబుడగలు ఎక్కడి నుండి వచ్చాయి? గోలీసోడా మూత తీయగానే ఏమవుతుంది? లోపల ఒత్తిడితో కరిగి ఉన్న వాయువు బుసబుసమని పైకి వస్తుంది. ముక్కు తిమింగలం గంటకు పైగా ఊపిరి బిగబట్టి వేయి మీటర్ల లోతు దాటి పోగలదు. అక్కడి ఒత్తిడిలో నత్రజని దాని రక్తంలో కరిగి ఉంటుంది. సోనార్ కూతకు బెదిరి అది తన అలవాటు తప్పి ఈదితే, ఆ నత్రజని బుడగలై రక్తనాళాలకు అడ్డుపడుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. లోతుకు దిగే మనిషి తొందరపడి పైకి వస్తే కలిగే జబ్బు కూడా ఇదే.

తరువాత ఏమి జరిగిందో చూడండి. 2004లో స్పెయిన్ ప్రభుత్వం కెనరీ దీవుల చుట్టూ 50 నాటికల్ మైళ్ళ లోపు అటువంటి సోనార్ వాడరాదని ఆజ్ఞ చేసింది. ఆ తరువాత అక్కడ ముక్కు తిమింగలాలు గుంపులుగా ఒడ్డున పడటం ఆగిపోయిందని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. స్పెయిన్ తన నౌకాదళాన్ని రద్దు చేసుకోలేదు. చోటు మార్చుకున్నది, అంతే!

అన్నిచోట్లా పని ఇంత తేలికగా జరగలేదు. అమెరికాలో కాలిఫోర్నియా తీరపు సోనార్ శిక్షణ వ్యవహారం సుప్రీంకోర్టు వరకు పోయింది. 2008లో ఆ కోర్టు, తిమింగలాల మేలుకంటె నావికుల శిక్షణకే ఎక్కువ విలువ ఇచ్చి, శిక్షణపై కింది కోర్టు పెట్టిన కొన్ని ఆంక్షలను తొలగించింది. రెండు పక్కలా న్యాయం ఉన్నప్పుడు తీర్పు చెప్పటం ఎంత కష్టమో గమనించారా?

మరి ఈ సోనార్ మన తాబేలును కూడా బాధిస్తుందా? తాబేలు చెవి వేరు. దానికి బాగా వినబడేది సెకనుకు సుమారు 100 నుండి 1000 కంపనాలు గల బరువైన శబ్దం. పైన చెప్పిన సోనార్ కూతలో కంపనాలు అంతకంటె ఎక్కువ, సెకనుకు కొన్ని వేలు. కనుక తిమింగలాన్ని చంపిన శబ్దం తాబేలుకు సరిగ్గా వినబడకపోవచ్చు. పేలుళ్ళు, ఇంజన్ల మోతలు మాత్రం వినబడతాయి. ఒక జీవికి కీడు చేసినది మరొక జీవికి కూడా అంతే కీడు చేస్తుందని అనుకోరాదు. ఏ జీవి సంగతి ఆ జీవిని పరిశీలించే తెలుసుకోవాలి.

వెలుతురు కూడా ఆపదే

శబ్దం తరువాత రెండవది వెలుతురు. గుడ్డు పగిలి ఇసుకలో నుండి రాత్రివేళ బయటకు వచ్చిన తాబేలు పిల్లకు దారి చూపేవారు ఎవరూ లేరు. అది ఒక్కటే సూత్రం పాటిస్తుంది. ఎటువైపు తక్కువ ఎత్తున వెలుతురుగా ఉంటే అటు నడుస్తుంది. మామూలుగా ఒడ్డు వైపున సరుగుడు తోటలు నల్లగా ఉంటాయి, నక్షత్రాల కాంతిలో సముద్రం కొంచెం మెరుస్తూ ఉంటుంది. కనుక పిల్ల సరిగ్గా నీటిలోకే పోతుంది. ఒడ్డున ఒక పెద్ద దీపం వెలిగిస్తే? అది దీపం వైపు నడిచి, తెల్లవారేసరికి ఎండకు మాడిపోతుంది, లేదా కాకుల పాలవుతుంది.

దీనికి మంచి ఉదాహరణ ఒడిశా తీరంలో ఉంది. అక్కడి వీలర్ దీవిలో మన రక్షణ పరిశోధన సంస్థవారి క్షిపణి పరీక్షా కేంద్రం ఉంది. 2015లో ఆ దీవికి అబ్దుల్ కలాం పేరు పెట్టారు. దానికి దగ్గరలోనే గహిర్‌మఠ తీరం. లక్షల కొద్దీ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒకేసారి గుడ్లు పెట్టే చోటు అది. 1997లో దానిని సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. దేశానికి క్షిపణి కావాలి, తాబేలుకు చీకటి కావాలి. రెండూ పక్కపక్కనే వచ్చి పడ్డాయి!

దీవిలోని బలమైన దీపాలు తాబేళ్ళను దారి తప్పిస్తున్నాయని వన్యప్రాణి అధికారులు చెప్పినమీదట, గుడ్లు పెట్టే కాలంలో దీపాల కాంతిని తగ్గించే ఏర్పాటు చేశారు. 2023లో జనవరి నుండి మార్చి వరకు, అంటే తాబేళ్ళ కాలం మూడు నెలలూ, అక్కడ క్షిపణి పరీక్షలు ఆపాలని నిర్ణయం జరిగింది. క్షిపణి మూడు నెలలు ఆగగలదు. తాబేలు ఆగలేదు. ఈ తేడా తెలియటమే ఆ నిర్ణయానికి మూలం.

మూడవది: పడిన ముక్కలు

ప్రయోగించిన క్షిపణి, అది కూల్చిన లక్ష్యం ఆకాశంలో మాయమైపోవు. లోహపు ముక్కలు, తీగలు సముద్రంలో పడతాయి. కొన్ని రకాల శిక్షణలో పారాచూట్ల గుడ్డ, తాళ్ళు కూడా పడతాయి. నీటిలో తేలే పలుచని గుడ్డ, ప్లాస్టిక్ ముక్క తాబేలు కంటికి జెల్లీచేపలా కనబడవచ్చు. జెల్లీచేప దాని ఆహారం.

శిక్షణ ప్రాంతాల విషయంలో విచిత్రం ఒకటుంది. కరీబియన్ సముద్రంలో వియెక్వెస్ అనే చిన్న దీవి ఉంది. అమెరికా నౌకాదళం ఆ దీవి కొనమీద అరవై ఏళ్ళు బాంబులు వేసి అభ్యాసం చేసింది. ప్రజల ఆందోళన తరువాత 2003లో వదిలిపోయింది. బాంబులు పడిన చోట పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. పేలకుండా మిగిలిన బాంబులను ఏరే పని ఇరవై ఏళ్ళు దాటినా పూర్తి కాలేదు. అయితే జనాన్ని రానివ్వకుండా ఉంచిన ఆ ఒడ్డున హోటళ్ళు, దీపాలు, రోడ్లు రాలేదు. అందుచేత అక్కడ సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడుతూనే వచ్చాయి. నేడది వన్యప్రాణుల ఆశ్రయం. కంచె వల్ల మేలు జరిగింది, బాంబు వల్ల కీడు జరిగింది. రెంటినీ కలిపి ఒకే మాటలో మంచి అనిగాని చెడు అనిగాని చెప్పలేము.

ఇక మన తాబేలు దగ్గరకు వద్దాం

వాడరేవు ఒడ్డున పడి ఉన్న తాబేలును ఎవరు చంపారు? ఊహించటం కంటె సాక్ష్యాలు చూడటం మేలు.

డొప్ప మీద వరుసగా లోతైన కోతలు ఉంటే, మరపడవ వెనుక తిరిగే రెక్క తగిలిందని అర్థం. నీటిలో జరిగిన పేలుడు వల్ల చచ్చి ఉంటే, పైకి గాయం లేకపోయినా ఊపిరితిత్తులలో, చెవులలో రక్తస్రావం ఉంటుంది. పశువైద్యుడు కోసి చూస్తేనే అది తెలుస్తుంది. ప్లాస్టిక్ మింగి ఉంటే ప్రేగులలో దొరుకుతుంది. ఊపిరాడక మునిగిపోయి ఉంటే మెడ ఉబ్బి, కళ్ళు ముందుకు వచ్చి, ఒంటిమీద గాయం లేకుండా ఉంటుంది.

మన తూర్పుతీరంలో సముద్రపు తాబేళ్ళ చావుకు ముఖ్యకారణం ఈ చివరిదేనని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. మరపడవలు గంటల తరబడి ఈడ్చే ట్రాలు వలలో తాబేలు చిక్కుకుంటుంది. దానికి ఊపిరితిత్తులు ఉన్నాయని మొదట చెప్పుకున్నాం కదా! పైకి రాలేక, గాలి అందక, నీటిలోనే మునిగి చనిపోతుంది. దీనికి ఉపాయం ఉంది. వల మెడలో ఇనుప చువ్వల జల్లెడ ఒకటి అమర్చి, దాని పక్కన ఒక తలుపు పెడతారు. రొయ్యలు చువ్వల మధ్య నుండి వెనక్కు పోతాయి, తాబేలు చువ్వలకు తగిలి తలుపు గుండా బయటపడుతుంది. దీన్ని 'టెడ్' అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో తీరం నుండి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడరాదనే నియమం కూడా ఉంది.

అంటే సైన్యానికి ఏ బాధ్యతా లేదనా? అలా కూడా అనరాదు. ఒక పెద్ద కారణం ఉన్నంత మాత్రాన చిన్న కారణాలు మాయం కావు. వలల దెబ్బకు ఇప్పటికే తగ్గుతున్న జీవికి ప్రతి చిన్న దెబ్బా పెద్దదే. సైన్యం చేతిలో మేలు చేసే శక్తి కూడా ఉంది. భారత తీర రక్షకదళం 1980ల ప్రారంభం నుండి 'ఆపరేషన్ ఆలీవియా' పేరుతో ప్రతి ఏటా తాబేళ్ళ కాలంలో ఓడలతో, విమానాలతో కాపలా కాస్తున్నది. గస్తీ తిరగటంలో తాను పొందిన శిక్షణనే తాబేలు కోసం వినియోగిస్తున్నదన్నమాట.

నెలలు పక్కపక్కన పెట్టి చూద్దాం

ఒక కాగితం మీద పన్నెండు నెలల పేర్లు వరుసగా వ్రాయండి. వాటి కింద ఈ సంగతులు నింపండి.

నవంబరు, డిసెంబరు: తాబేళ్ళు తీరపు నీళ్ళలోకి చేరే కాలం. సూర్యలంకలో 2020లోనూ, 2023లోనూ మనం చెప్పుకున్న శిక్షణలు ఈ నెలల్లోనే జరిగాయి.

జనవరి, ఫిబ్రవరి, మార్చి: ఒడ్డెక్కి గుడ్లు పెట్టే కాలం.

మార్చి, ఏప్రిల్, మే: పిల్లలు బయటకు వచ్చే కాలం.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు: మన తీరంలో మరపడవల వేట నిషేధం.

ఇప్పుడు పట్టికను చూచి ఆలోచించండి. ఆ రెండు శిక్షణలూ గుడ్లు పెట్టే నెలలలో పడలేదు. కాని తాబేళ్ళు నీటిలో గుమికూడటం మొదలైన నెలలలో పడ్డాయి. వేట నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూచి పెట్టినది. అది మొదలయ్యేసరికి తాబేళ్ళు గుడ్లు పెట్టటం దాదాపు పూర్తవుతుంది. ఒడిశాలో గహిర్‌మఠ వంటి చోట్ల తాబేళ్ళ కోసమే నవంబరు 1 నుండి మే 31 వరకు వేరుగా నిషేధం పెడతారు. ఫిబ్రవరిలో మనకు కనిపించిన తాబేలు విషయంలో మొదట ఎటు చూడాలో ఈ పట్టికే సూచిస్తున్నది. అయినా తుదిమాట పశువైద్యుడిదే.

ఈ పట్టిక వేయటం నేర్చుకోవలసిన అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. రేపల్లెకు అవతల, కృష్ణానది దాటితే నాగాయలంక ప్రాంతం. అక్కడ కొత్త క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. మడ అడవులు, బావురుపిల్లులు ఉన్న కృష్ణా అభయారణ్యం ఆ చుట్టుపక్కలదే. ఆ సముద్రానికి తాబేళ్ళు కూడా వస్తాయి. దీపాలు ఎటు తిరిగి ఉండాలి, ఏ నెలలో ప్రయోగించాలి, ముక్కలు ఎక్కడ పడాలి అన్న ప్రశ్నలకు ముందుగానే జవాబు చూసుకుంటే తరువాత చింతించే పని ఉండదు. వీలర్ దీవి దగ్గర ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇక్కడ మొదటి రోజు నుండే పనికి వస్తుంది.

చోటు, కాలం, పద్ధతి. ఈ మూడింటిని సర్దుకుంటే చాలావరకు రెండు పనులూ సాగుతాయి. అందుకు ముందు జీవి సంగతి ఎవరో ఒకరు ఓపికగా గమనించి, తేదీ వేసి, వ్రాసి పెట్టాలి. ఏ సైన్యాధికారి అయినా, ఏ అటవీ అధికారి అయినా చూచేది ఆ వ్రాతనే.

మీరు చేయవలసినవి

1. మీ ఊరు సముద్రానికి దగ్గరైతే, పగటిపూట పెద్దలతో కలిసి ఒడ్డున నడవండి. తాబేలు జాడగాని, చచ్చిన తాబేలుగాని కనిపిస్తే తేదీ, చోటు, కనబడిన గుర్తులు పుస్తకంలో వ్రాసుకోండి. ముట్టుకోవద్దు. అటవీశాఖవారికి తెలపండి.

2. రాత్రివేళ తాబేలును చూడటానికి టార్చిలైటు వేయకూడదు. ఎందుకో మీ తమ్ముడికి, చెల్లెలికి వివరించండి.

3. ఒడ్డున లోహపు గొట్టంగాని, తెలియని యంత్రపు ముక్కగాని దొరికితే చేయి పెట్టకండి. పోలీసులకు చెప్పండి.

ఆలోచించండి

1. 30 కిలోమీటర్ల దూరంలో నీటి లోపల పుట్టిన శబ్దం ఎన్ని సెకన్లలో చేరుతుంది? గాలిలో అయితే ఎన్ని సెకన్లు?

2. ముక్కు తిమింగలాన్ని బాధించిన సోనార్ తాబేలును అంతగా బాధించకపోవచ్చు. ఎందువల్ల?

3. మీరే సూర్యలంక స్థావరపు అధికారి అయితే శిక్షణకు ఏ నెలలు ఎంచుకుంటారు? మీరే వాడరేవు జాలరి అయితే ఏ నెలలు కోరుకుంటారు? మీరే తాబేలు అయితే? మూడు జవాబులూ వ్రాసి, మూడింటికీ సరిపడే నెల ఏదైనా ఉందేమో వెదకండి.